మిల్లు మలుపు దాటేదాకా ఫోన్ పెట్టేయకు

వెంగల్ దాటి మా చెల్లెలి ఊరికి పోయే దారిలో మూతపడ్డ రైస్ మిల్లు ఒకటుంది. సరిగ్గా దాని ముందే రోడ్డు ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. పగలు చూస్తే అక్కడ ఏమీ లేదు. తుప్పు పట్టిన గేటు, విరిగిన రేకులు, గోడ మీద ఎప్పటిదో ఎలక్షన్ రాత. పొద్దు గూకాక మాత్రం ఆ చోటి పేరెత్తడానికి కూడా జనం ఇష్టపడరు.

అక్కడ వెనక నుంచి పిలుస్తుందట.

ఊరికే కూత పెట్టడం కాదు... మీ పేరు పెట్టి, బాగా తెలిసిన గొంతుతో. తిరిగి చూశారా — అంతే. బండి కాలువలో, మనిషి మిల్లు గోడ కింద. అట్లా పోయినవాళ్ళ పేర్లు ఆ ఊళ్ళో చిన్న పిల్లల్ని అడిగినా గడగడా చెబుతారు.

నేను తిరుత్తణిలో ఉంటాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, నోటి దురుసు మాత్రం కావలసినంత ఉంది. "మీ ఊరి దెయ్యానికి ఇంతమంది పేర్లు ఎట్లా గుర్తుంటాయే? నాకు మా ఆఫీసులో వాళ్ళ పేర్లే గుర్తుండవు" అని మా చెల్లెలు కాంచనను ఏడిపించేవాణ్ణి. ఈ మధ్య ఆ మాట అనడం మానేశాను. ఎందుకు మానేశానో, ఆమె నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతాను.

ఆ పిలుపుకు ఊరివాళ్ళు విరుగుడు కనిపెట్టారు. నిమ్మకాయా కాదు, తాయెత్తూ కాదు — ఫోన్!

బతికున్న మన మనిషి గొంతు చెవిలో ఉన్నంతసేపు, చచ్చినవాళ్ళ గొంతు అందులోకి దూరలేదని వాళ్ళ నమ్మకం. అందుకే మిల్లు కనబడగానే ఇంటికి ఫోన్ కొట్టాలి. ఇంట్లోవాళ్ళు ఎత్తి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. ఏం కూర, ఎదురింట్లో ఏం గొడవ, ఆవు పాలిచ్చిందా లేదా... ఏదైనా సరే, మలుపు దాటేదాకా పెట్టేయకూడదు.

అందుకోసమే అక్కడ పెద్ద టచ్ ఫోన్ ఉన్నవాళ్ళు కూడా చిన్న బటన్ ఫోన్ ఒకటి వేరేగా పెట్టుకుంటారు. చూడక్కర్లేదు, చీకట్లో తడిమి రెండో నంబరు బటన్ అదిమి పట్టుకుంటే చాలు, కాల్ ఇంటికి పోతుంది. ఆ వెంటనే దాన్ని హెల్మెట్‌లోకి దోపేస్తే చెంప పక్కన బిగుసుకుని కూర్చుంటుంది. టచ్ ఫోన్ అయితే చెంప తగిలి కట్ అయిపోతుంది కదా!

"హెల్మెట్ తల కోసం పెట్టుకుంటారా, ఫోన్ కోసమా బావా?" అని ఒకసారి మా బావ సుదర్శనాన్ని అడిగాను.

ఆయన నవ్వలేదు. "మా అన్న ఫోన్ చెయ్యకుండా వచ్చినాడు. అందుకే పోయినాడు."



వాళ్ళన్న నటరాజ్ ఆ మలుపులోనే పోయాడు. ఏళ్ళయింది. కాలువలోంచి బండి తీశారు గానీ ఫోన్ దొరకలేదు. ఇంటికి చేయడం మరిచిపోయి ఉంటాడని ఊరంతా తీర్మానించేసింది. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది ఆయన భార్య ధరణి ఒక్కతే. ఆమె అవుననలేదు, కాదనలేదు. అప్పటినుంచి ఆమె ఫోన్ ముట్టదు. మోగితే పెరట్లోకి వెళ్ళిపోతుంది. పాపం, దుఃఖం అనుకున్నాం అందరం.

ఇక మొన్న మార్గళి నెలలో, ధనుర్మాసపు చలిలో, జరిగింది ఈ సంగతి.

మా బావకు పట్టాభిరామ్ అనే ఊళ్ళో ఒక కంపెనీలో పని. సాయంత్రం లోకల్ ట్రైన్‌లో తిరువళ్ళూరులో దిగి, స్టాండులో పెట్టిన బండి తీసుకుని ఊరికి వస్తాడు. ఆ రోజు ట్రైన్ ఆలస్యం. పైగా మంచు... వాకిట్లో నిలబడితే ఎదురిల్లు కనపడనంత మంచు.

ఫోన్ మోగింది.

"ఎత్తు మే, సీక్రం!" అని కేకేసింది అత్తగారు చెంగమ్మ.

కాంచన ఎత్తింది. "యాడుండావు మామా?"

"మిల్లు దగ్గరికి వస్తా ఉండా. లైటేస్తే అంతా తెల్లగా ఉంది, రోడ్డు కనపడలే... నువ్వు మాట్లాడు."

కాంచన మాట్లాడింది. మధ్యాహ్నం కరెంటు పోయిందంది, చట్నీకి కొబ్బరి లేదంది. గొంతు వణకకుండా మాట్లాడాలని ఆమె తాపత్రయం. అవతల బండి చప్పుడు, గాలి హోరు... మధ్యమధ్యలో ఆయన "ఊఁ... ఊఁ" అంటున్నాడు.

"మామా, వింటా ఉండావా?"

"ఆమా, ఆమా, వింటా ఉండా. ఆపొద్దు... మాట్లాడు..."

అప్పుడొచ్చింది ధరణి, పెరటి వాకిలి నుంచి. చేతులకు ఇంకా పిండి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కట్ చెయ్" అంది.

కాంచనకు అర్థం కాలేదు. "అక్కా?"

"కట్ చెయ్ మే!"

అనడమే కాదు... ఫోన్ లాక్కుంది. ఏళ్ళ తరబడి ముట్టని ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, ఎర్ర బటన్ అదిమి పట్టుకుంది. స్క్రీన్ ఆరిపోయింది.



ముందు తేరుకున్నది చెంగమ్మ. "పాపిష్టిదానా! నీ మొగుడు పోయినాడని దీని మొగుణ్ణి కూడా చంపతావా?"

కాంచన ధరణి మీద పడి చేయి గుంజింది. ఏడ్చింది. మలుపు ముందర... మంచులో... చెవిలో గొంతు లేకుండా... తన మొగుడు ఒక్కడే! ఆ క్షణంలో ధరణిని కొట్టడానికి కూడా సిద్ధమయ్యానని చెబుతూ మా చెల్లెలు ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

ధరణి పిడికిలి విప్పలేదు. చాలా మెల్లగా అంది —

"ఆయన ఫోన్ చేసినాడు."

"ఎవురు?"

"ఆయనే. నా మొగుడు. ఆ పొద్దు చేసినాడత్తా. నేనే ఎత్తినా. మాట్లాడు, పెట్టేయకు అన్నాడు. నేను ఏందో చెప్పినా... ఆయన నవ్వినాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏదో గుద్దుకున్న సత్తం వినపడింది. ఆ తర్వాత నీళ్ళ సత్తం."

చెంగమ్మ గుమ్మంలోనే కూలబడింది. "ఇన్నేళ్ళు... ఎందుకు చెప్పలేదు మే?"

"ఇది మాట్లాడినా మొగుణ్ణి కాపాడుకోలేకపోయింది, దీని గొంతుకే ఏదో దోషం ఉందని అంటారని. అంటారు కదత్తా?"

అనేవాళ్ళే. అందరూ అనేవాళ్ళే. నేనూ ఎగతాళిగా ఏదో ఒకటి కూసేవాణ్ణే.

"ఆడ ఎవురూ పిలవరు" అంది ధరణి. "ఇన్నాళ్ళూ పిలస్తా ఉండేది మనమే."

అప్పుడు పిడికిలి విప్పి ఫోన్ కాంచన చేతిలో పెట్టింది. "ఇదో, నీ మొగుడు, నీ ఇష్టం. కానీ ఇప్పుడు మోగితే బండి మీదే ఎత్తుతాడు. ఎత్తకుండా ఉండలేడు మే."

కాంచన ఫోన్ ఆన్ చేసింది. అది తాపీగా దాని సంగీతమంతా వాయించుకుని తెరుచుకుంది. బొటనవేలు బటన్ మీదకు పోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది. నొక్కితే ఒక భయం, నొక్కకపోతే ఇంకో భయం. అత్త ముఖం చూసింది, తోడికోడలి ముఖం చూసింది.

నొక్కలేదు.

ఫోన్‌ను కిటికీలో బోర్లా పెట్టి, వాకిట్లోకి వచ్చి నిలబడింది. అంత కష్టమైన పని తన జన్మలో చేయలేదంటుంది. కుక్క మొరిగినా ఉలికిపడింది. దూరంగా ఏదో లారీ చప్పుడు... అదీ పోయింది. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు.

చివరికి మంచులోంచి ఒక లైటు వచ్చింది. మనిషి నడక కంటే మెల్లగా వచ్చింది.

మా బావ బండి దిగాడు. హెల్మెట్ చేతికి తగిలించుకుని ఉంది. చెంగమ్మ పోయి కొడుకు చెంపలు తడిమింది. కాంచన ఆయన చొక్కా పట్టుకుని విడవలేదు. నీళ్ళు తాగాకే ఆయన నోట్లోంచి మాట వచ్చింది.

"మలుపుకు ముందర బండి నిలిపేసినా. హెల్మెట్ తీసి మళ్ళీ కాల్ కొడితే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. సరే అని ఫోన్‌లో టార్చ్ వేసుకుని, బండి తోసుకుంటా నడిచినా. మలుపులో... చెరుకు ట్రాక్టరు. ట్రైలర్ చక్రం పగిలి రోడ్డుకు అడ్డంగా ఉంది. వెనక లైటు లేదు, ఎర్ర గుడ్డ ముక్క కూడా లేదు, మనిషి లేడు. చెరుకు గడలు ఇట్లా వెనక్కి పొడుచుకుని ఉండాయి..." అని తన గుండె దగ్గర చేయి పెట్టి చూపించాడు.

చెంగమ్మ లేచి వెళ్ళి ధరణి చేయి పట్టుకుంది. పిండి అంటిన ఆ చేతిని తన కళ్ళకు అద్దుకుని భోరుమంది.

కథ ఇక్కడితో అయిపోతే నాకూ హాయిగా ఉండేది. ఫోన్ కట్ చేసింది, బండి ఆపాడు, బతికాడు. నా బోటి వాడికి ఇంతకంటే ఏం కావాలి? కానీ కాంచన ఊరుకోకుండా అడిగింది —

"కట్ అయినాక భయపడి నిలిపేసినావా మామా?"



"లే... కట్ అయినాక భయమేసి ఇంకా గట్టిగా తోలినా. ఎట్లన్నా మలుపు దాటేస్తే చాలనుకున్నా." ఆయన గొంతు తగ్గింది. "అప్పుడు... వెనకనుంచి పిలిచింది. 'సుదర్శనా, నిలుపు రా' అని. తిరిగి చూడలే. బ్రేక్ పట్టినా."

చెంగమ్మ ఏడుపు ఆగిపోయింది.

ధరణి అత్త చేతిలోంచి తన చేయి మెల్లగా తీసుకుంది. "ఎవురి గొంతు?"

"ఏళ్ళయిపోయింది వదినా..." అన్నాడు మా బావ. "అన్న గొంతు ఎట్లుంటుందో నాకు సరిగ్గా గుర్తు రాలే. నువ్వొచ్చి విని చెప్తావా?"

వద్దని అరవడానికి చెంగమ్మ నోరు తెరిచేసరికి, ధరణి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.