మూలగదిలోంచి వచ్చిన బగ్గు

మూడో అంతస్తు వరండా చివర ఉన్న ఆ మూలగది మంచిది కాదని ఆఫీసులో అందరికీ తెలుసు.

పగలు కూడా అటు ఎవరూ వెళ్ళరు. లోపల ఒకటే హోరు... ఎముకలు కొరికే చలి... చీకట్లో ఆకుపచ్చ దీపాలు రెప్పలు కొడుతుంటాయి. సర్వర్లుండే గది అలాగే ఉంటుందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ అంతకుముందు వాటిని చూసుకునే మనిషి ఒక రాత్రి లోపలికి వెళ్ళి, తెల్లారాక బయటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడట. మర్చిపోయిన గొడుగు కోసం కూడా తిరిగి రాలేదట.

అలా ఖాళీ అయిన కుర్చీలోకి వచ్చాడు మా అన్నయ్య.

అన్నయ్య ధైర్యవంతుడని అమ్మ అంటుంది. బల్లి కనిపిస్తే మంచమెక్కి నన్ను కేకేసేవాడు కాబట్టి నేనేమీ అనను. ఈ కథ వాడు చెప్పగా విన్నాను. వాడు దాచినవి ఇంకొకరు చెప్పగా విన్నాను.

వాళ్ళ ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తారు. వాటిలో తప్పు దొరికితే దాన్ని బగ్గు అంటారు. దొరికిన బగ్గులన్నీ బ్రౌజరులో ఒకేచోట నమోదు చేసే ఏర్పాటు ఉంటుంది — బగ్ ట్రాకర్. తప్పు పట్టినవాళ్ళు బగ్గు తెరుస్తారు, సరిచేసినవాళ్ళు మూస్తారు. ఆ ట్రాకర్‌ని తెల్లారేలోగా మూలగదిలోని లినక్స్ సర్వరు మీద పెట్టాలి. బాగుంటే అన్నయ్య ఉద్యోగం పర్మనెంటు. లేదంటే మూటాముల్లె సర్దుకోవడమే.

బాగుందో లేదో తేల్చాల్సింది టెస్టింగ్ చేసే అమ్మాయి. ఆమెకి ఆఫీసులో పేరు భూతద్దం. శుభలేఖ చేతికిస్తే అచ్చుతప్పులు దిద్ది తిరిగిచ్చే రకం.

అదృష్టం ఏమిటంటే, సర్వరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. తన సీట్లోనే కూర్చుని నల్లటి తెర మీద కమాండ్లు కొడితే అక్కడ పని జరిగిపోతుంది. అందరూ ఇళ్ళకి వెళ్ళాక అన్నయ్య మూలగది వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. వెనకనుంచి ఏదైనా వస్తే కనపడదని మళ్ళీ ఇటు తిరిగి కూర్చున్నాడు.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టాడు. ఫలానా మాడ్యూల్ లేదంది. పెట్టాడు. దానికి ఇంకో మూడు కావాలంది. అవీ పెట్టాడు. డేటాబేసు నువ్వెవరని అడిగింది. వెబ్ సర్వరు ఆ ఫోల్డరు ముట్టుకోవడానికి నాకు అనుమతి లేదని మొరాయించింది. తిట్టాడు, బతిమాలాడు, అనుమతులిచ్చాడు. పరీక్షించి చూడ్డానికి ‘ఎవరో’ అని ఒక ఉత్తుత్తి యూజరుని కూడా పెట్టాడు.

వీధిలో చప్పుళ్ళన్నీ సద్దుమణిగాక... ట్రాకర్ పేజీ తెరుచుకుంది.

మొత్తం బగ్గులు — సున్నా.

కుర్చీ గిరగిరా తిప్పుకుని, పాటొకటి పాడుకుంటూ వెళ్ళి తీరిగ్గా టీ పెట్టుకొచ్చాడు. మొదటి గుక్క తాగుతూ తెర చూశాడు.

మొత్తం బగ్గులు — ఒకటి.

‘తలుపు తెరుచుకోవడం లేదు.’

రాసినవారు... ‘ఎవరో’.

కప్పు బల్ల మీద పెట్టేశాడు. ఆ యూజరు సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదు!

కాళ్ళీడ్చుకుంటూ ఆఫీసు వాకిలి దగ్గరికి వెళ్ళాడు. తీశాడు. వేశాడు. బాగానే ఉంది. తిరిగొచ్చి, ‘నా దగ్గర బాగానే తెరుచుకుంటోంది’ అని రాసి బగ్గు మూసేశాడు.

ఆ పనిలో ఉన్నవాళ్ళకి అదొక జబ్బు. పై లైను చదువుతారు, తమ దగ్గర చూస్తారు, మూసేస్తారు. వివరాలు కిందుంటాయి. కింద చదివే ఓపిక వాళ్ళ వంశంలోనే లేదు.

అన్నయ్య ఊపిరి తీసుకునేలోగా... మూసిన బగ్గు దానంతటదే తెరుచుకుంది.

‘చాలా చలిగా ఉంది. తీవ్రత: ప్రాణాంతకం.’

కింద వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

“పైన... ఎవరైనా ఉన్నారా?”

అవతల రేడియో గొంతు తగ్గింది.

“మీరొక్కరే సార్...” గుసగుసగా అన్నాడు వాచ్‌మన్. “ఆ మూలగది వైపు మాత్రం వెళ్ళకండి సార్.”

‘పైన ఎవరూ లేరు. కాబట్టి ఇది బగ్గు కాదు’ అని రాసి మళ్ళీ మూశాడు అన్నయ్య. వెంటనే మళ్ళీ తెరుచుకుంది!

ఏ కంప్యూటరు నుంచి రాస్తున్నారో సర్వరు లాగ్‌లో ఉంటుంది. చూశాడు. చూసి కళ్ళు నులుముకున్నాడు. రాస్తున్నది ఆఫీసులోని ఏ కంప్యూటరూ కాదు — ఆ సర్వరే. సర్వరు తనకి తానే రాసుకుంటోంది.

టక్...

టక్... టక్...

వరండా చివరినుంచి.

బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. మెట్ల దాకా వెళ్ళాడు కూడా. కానీ పొద్దున భూతద్దం వచ్చేసరికి ఆ బగ్గు అలాగే ఉంటే ఉద్యోగం ఉండదు. అప్పటికే రెండు ఉద్యోగాలు మధ్యలో పోయాయి. మూడోదీ పోయిందని అమ్మకి చెప్పడం కంటే దెయ్యానికి ఎదురెళ్ళడమే తేలికనిపించిందట.

వెనక్కొచ్చి, జీవితంలో మొదటిసారి, బగ్గు కింది వివరాలు చదివాడు.

‘ఒకటి: మూలగదిలోకి రండి.

రెండు: తలుపు దానంతటదే మూసుకుంటుంది...’

మూడోది చదవడానికి ధైర్యం చాల్లేదు. పక్క బల్ల మీది కీబోర్డు ఊడబెరికి, దాన్ని కర్రలా పట్టుకుని, దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ... వరండా చివరికి నడిచాడు. తలుపు పిడి మంచుగడ్డలా ఉంది. తిప్పాడు.

తెల్లగా... చలిగాలి మధ్యలో... జుట్టు విరబోసుకుని... ఒక ఆకారం.

“రెండుసార్లు...” అంది బొంగురుగా. “రెండుసార్లు మూశావు...”

ఆ తర్వాత తాను నేల మీద కూర్చున్నానని అన్నయ్య అంటాడు. కూర్చోలేదు, వెల్లకిలా పడ్డాడు. టీ మొహాన చల్లితే లేచాడు.

“అరిచీ అరిచీ గొంతు పోయింది! ఆ హోరులో వినపడి చస్తేనా!” అంది ఆకారం.

భూతద్దం! ఒళ్ళంతా సర్వరు ప్యాకింగు తెల్ల కవరు చుట్టుకుని ఉంది. చేతిలో లోపలివైపు తలుపు పిడి.

చెప్పి వస్తే అది తనిఖీ ఎలా అవుతుందని వెనక మెట్ల మీదుగా వచ్చిందట, అన్నయ్య టీ పెట్టుకుంటున్నప్పుడు. లోపలికి వెళ్ళగానే తలుపు పడింది, పిడి ఊడింది. ఫోను సీట్లో ఉండిపోయింది. ఎదురుగా సర్వరు తెరా కీబోర్డూ ఉన్నాయి. ఇంకొకరైతే ఎవరికైనా మెయిల్ పంపేవాళ్ళేమో. ఆమె టెస్టరు. తలుపు తెరుచుకోకపోతే బగ్గు నమోదు చేసింది.

“మరి... ‘ఎవరో’ పాస్‌వర్డు మీకెలా తెలిసింది?”

“యూజర్ల జాబితాలో ఆ పేరు కనిపించింది. పాస్‌వర్డూ ‘ఎవరో’ అనే కొట్టాను. తెరుచుకుంది.”

అన్నయ్య తల దించుకున్నాడు. ఆమె నేరుగా వచ్చి వాడి కుర్చీలో కూర్చుని, మిగిలిన టీ తాగి, టైపు చెయ్యడం మొదలుపెట్టింది. అన్నయ్య వెనకే నిలబడ్డాడు. అమ్మకి ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

‘ట్రాకర్ చక్కగా పనిచేస్తోంది. సరే’ అని రాసింది.

అన్నయ్య ఎగిరి గంతేశాడు. పక్క కుర్చీ పడిపోయింది.

“ఆగండి. కొత్త బగ్గు ఒకటి దొరికింది” అంటూ ఆమె ఇంకా కొడుతూనే ఉంది.

అన్నయ్య ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

‘అరిస్తే వినడు. రాస్తే చదవడు. దెయ్యమనుకుని కూడా తలుపు తీయడానికి వస్తాడు.’

దాని కింద, సరిచేసే బాధ్యత ఎవరిదో రాసే గడి. తన పేరే ఉంటుందనుకున్నాడు అన్నయ్య. ఆమె కాసేపు ఆగి... అందులో తన పేరు రాసుకుంది.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా వదిన ఆ బగ్గు ఇంకా మూయలేదు.