ఒంటిగంట అప్‌డేట్

ఆ ఉదయం ఎనిమిదింటికి మాస్టారిని లిఫ్టులో కాల్చి చంపారు. పదింటికల్లా ఆయన శిష్యుడు, ఏజెంట్ 'గుమాస్తా', చీఫ్ ఎదుట నిలబడ్డాడు.

"ఏడవడానికి తర్వాత టైముంది," అన్నాడు చీఫ్. "ఆక్సిజన్ వాల్వులు చేసే చిన్న వర్క్‌షాపులు ముప్ఫై. అన్నింటికీ ఓ విదేశీ ముఠా సాఫ్ట్‌వేర్ ఉచితంగా అంటగట్టింది. ఒంటిగంటకు అప్‌డేట్. ప్రతి వాల్వు కొలతా వెంట్రుకవాసి మారుతుంది. ఇక ఆస్పత్రుల్లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు."

"సర్వర్?"

"వాటిలోనే ఓ వర్క్‌షాపులో పెట్టారు. పోలీసులు వెళ్తే ముందే అప్‌డేట్ నొక్కేస్తారు. లోపల ట్రైనర్ వేషంలో మన ఏజెంట్ 'నెమలి' ఉంది. కలుసుకో."

పన్నెండూ యాభైకి ప్రింటర్ మెకానిక్‌గా లోపలికెళ్లాడు గుమాస్తా. లేత్ దగ్గరి ముసలి టర్నర్ ఆపాడు.

"కొత్తా బాబూ? ఇక్కడ ఎవరైనా 'చెయ్యి' అని అరిస్తే మెయిన్ స్విచ్ కట్టేస్తాను. ఎవరు, ఎందుకు అని అడగను." నాలుగువేళ్ల చెయ్యి చూపించాడు. "ఇది పోయాక పెట్టుకున్న రూలు."

"ఇప్పుడు కంప్యూటర్లొచ్చాయిగా, పెద్దాయనా?"

"వాటికి వేళ్లుండవుగా."

కేబుల్ అడ్డుపడి అద్దాల క్యాబిన్ తలుపు సరిగా మూసుకోలేదు. లోపల పట్టు స్కార్ఫుతో నెమలి.

"ఇంకు అయిపోయిందా?"

"నల్లది కాదు, నీలం."

కోడ్ సరిపోయింది. "మాస్టారు పోయారు," అన్నాడతను.

ఆమె కళ్లు చెమర్చాయి. "పాపం, లిఫ్టులో ఒంటరిగా..."

గుమాస్తా చెయ్యి ప్రింటర్ మీదే ఆగిపోయింది. లిఫ్టు సంగతి తనకూ చీఫ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

అది ఆమెకూ అర్థమైంది. లిప్‌స్టిక్ గొట్టంలా ఉన్న తుపాకీ అతని గుండెకు గురిపెట్టింది. "కూర్చో. రెండు నిమిషాలే."

"ఆయన నిన్ను కూతురనుకున్నాడు."

"అందుకే నాకోసం లిఫ్టు తలుపు పట్టుకున్నాడు."

సర్వర్ తెర మీద సెకన్లు తరుగుతున్నాయి. తొమ్మిది. ఎనిమిది.

"చెయ్యి!" గొంతు చించుకుని అరుస్తూ పక్కకు దూకాడు గుమాస్తా. గుండు ప్రింటర్‌లో దిగింది. లేత్‌లు మూలిగి ఆగాయి. మూడు అంకె దగ్గర తెర నల్లబడింది.

"యూపీఎస్ ఉందే..." నెమలి బల్ల కిందికి చూసింది. ఆ లోపే అతను ఆమె మణికట్టు మెలిపెట్టాడు.

టర్నర్ తొంగిచూశాడు. "దాని బ్యాటరీ మా సైరన్‌కు పీక్కున్నామమ్మా. తిడతారని చెప్పలేదు." తర్వాత గుమాస్తాతో, "ఎవరి చెయ్యి బాబూ?"

"ఈవిడది."

సాయంత్రానికి ముప్ఫై వర్క్‌షాపుల్లోనూ పాత కొలతలే నడిచాయి. ప్రింటర్ మాత్రం నిజంగానే చెడింది.

మాస్టారి భార్యకు ఇంకా ఎవరూ చెప్పలేదు.