టేపు మామ వ్యాయామం

ఉదయం తొమ్మిదిన్నరైంది, మనవరాలు బడికి వెళ్ళిపోయింది. దేవుడికి దండం పెట్టుకుని వచ్చిన టేపు మామ, కోడలి ఫోను అందుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నలభై ఏళ్ళుగా మెడలో కొలతల టేపుతో తిరిగే దర్జీ కాబట్టి వీధిలో అందరికీ ఆయన టేపు మామే.

కాసేపటికి వీడియోలోని అమ్మాయి గొంతు వినిపించింది. "భుజాలు వదులు చేయండి. కుడి చెయ్యి నెమ్మదిగా పైకి..." వెంటనే మామ గొంతు అందుకుంది. "ఒకటి... రెండు... మూడు..."

"విన్నావా మీ మామయ్య పట్టుదల!" వంటింట్లో అత్తగారు మురిసిపోయింది. "డాక్టరు చెప్పినప్పుడు ఈయనేమిటి, వ్యాయామమేమిటి అని నవ్వాను."

"మూడు నెలలు చేస్తే భుజం వదులవుతుందన్నారుగా అత్తయ్యా. మానేస్తే బిగుసుకుపోయి కత్తెర కూడా పట్టలేరట."

గదిలో మామ కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. లెక్క మాత్రం నోటితో సాగుతోంది.

మొదటిరోజు నిజంగానే చేశాడు. చెయ్యి భుజం దాటేసరికి ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మర్నాటి నుంచి ఈ లెక్కే. 'చేస్తున్నానని నేనెవరికీ చెప్పలేదే' అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. రోజూ తన మొర వినే దేవుడికి ఈ లెక్కలు వినబడవా? ఆ ప్రశ్న వచ్చినప్పటి నుంచి దేవుడి ముందు ఎక్కువసేపు నిలబడలేకపోతున్నాడు.

కొడుకు లారీ తోలుతూ వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. వీడియోలు వచ్చే ఫోను ఇంట్లో కోడలిదొక్కటే. మందుల దుకాణంలో అప్పట్లో ఆమెది పొద్దుటి డ్యూటీ, ఫోను ఆమెతోనే వెళ్ళేది. "సాయంత్రం నేనొచ్చాక చేయండి మామయ్యా" అని అడిగింది. "మనవరాలి ముందు ఈ కుప్పిగంతులేమిటమ్మా, నాకు సిగ్గు" అన్నాడాయన. ఆమె మారుమాట లేకుండా మధ్యాహ్నం డ్యూటీకి మారింది. ఇప్పుడు పాప బడినుంచి వచ్చేసరికి తల్లి ఇంట్లో ఉండదు.

ఉన్నట్టుండి గదిలో ఫోను మోగింది. మామ పేపరులో మునిగిపోయి లెక్క ఆపలేదు.

"అయ్యో, చేతులు పైకెత్తి ఉన్నారేమో, ఫోనెలా తీస్తారు పాపం!" అంటూ కోడలు పరుగున వచ్చి తలుపు తోసింది.

"పద్నాలుగు... పదిహే..."

పేపరు జారి కిందపడింది. కోడలు స్టూలు మీది కాళ్ళను చూసింది. ఆయన మొహం చూసింది. ఫోను తీసుకుంది. అవతల దుకాణం యజమాని.

"సార్... పొద్దుటి డ్యూటీ వేరే అమ్మాయికి ఖాయం చేసేస్తారా? మా మామయ్యా? చేస్తున్నారు సార్. రోజూ చేస్తున్నారు. డ్యూటీ సంగతి మధ్యాహ్నం వచ్చి చెబుతాను సార్."

ఫోను పెట్టేసింది. తన కోసం ఆ పిల్ల అబద్ధమాడింది. మామకు తలెత్తబుద్ధి కాలేదు.

"ఆరు వారాలు మామయ్యా," అంది కోడలు. "బడినుంచి వచ్చేసరికి నువ్వెందుకు ఉండవమ్మా అని పాప రోజూ అడుగుతోంది. తాతయ్య చెయ్యి బాగవ్వాలి కదమ్మా అని చెబుతున్నాను."

"ఏమైందే?" అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"ఏం లేదత్తయ్యా."

"ఉంది," అన్నాడు మామ. "నేను ఒక్కరోజు కూడా సరిగ్గా చెయ్యలేదు. కూర్చుని లెక్కపెట్టాను, అంతే."

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుందండీ! చెయ్యి సాగకపోయినా గొంతు మాత్రం బాగా సాగింది!"

"నొప్పే," అన్నాడాయన నేల చూస్తూ. "భరించలేకపోయాను. ఇంతవాణ్ణి, మీ ముందు ఏడిస్తే ఏమనుకుంటారోనని..."

"మేమేమనుకుంటాం మామయ్యా? ఏడిస్తే పక్కన కూర్చునేవాళ్ళం."

ఆ మాటకు ఆయన తలెత్తి కోడలి వైపు చూశాడు. ఎడంచెయ్యి చాచాడు. "ఆ ఫోను ఇలా ఇవ్వమ్మా. మీ యజమానికే కలుపు."

"వద్దు మామయ్యా. బయటివాళ్ళకెందుకు? పరువు..."

"కలుపమ్మా."

ఆమె కలిపింది.

"అయ్యా, నేను టేపు మామని. మా కోడలు ఇందాక నా పరువు కాపాడటానికి ఒక మాట అంది. అది నిజం కాదు. నేను వ్యాయామం చెయ్యడం లేదు. తప్పు నాది. ఆ పొద్దుటి డ్యూటీ దానికే ఇప్పించండి. నేను సాయంత్రం అందరి ముందూ చేసుకుంటాను." అవతలి మాట విన్నాడు. "సోమవారం నుంచా? మీ మేలు మరచిపోనయ్యా."

కోడలు ఏడుస్తూనే ఆయన మోచేతి కింద తన అరచెయ్యి పెట్టింది. "సాయంత్రం దాకా ఎందుకు, లేవండి. నేను పట్టుకుంటాను."

చెయ్యి భుజం దాటుతుండగా టేపు మామ "అమ్మా!" అని గట్టిగా అరిచాడు. చెంపల మీదికి జారిన కన్నీళ్ళను తుడుచుకోలేదు.

"ఇంకొంచెం మామయ్యా," అంది కోడలు.

"ఎత్తమ్మా," అన్నాడాయన.