ఆఖరి రీలు

"ఆ డబ్బా కంపు అప్పడాలకు పట్టింది అత్తయ్యా. ఇవాళ పారేయాల్సిందే," అంది పుష్పవల్లి.

"అప్పడాలే ఇంకోచోట పెట్టుకో," అంది శేషారత్నం.

జూబ్లీ హిల్స్‌లో అంత ఇల్లున్నా అత్తాకోడళ్ళకు వంటింటి అలమారలో ఒక్క అర దగ్గరే తగువు. ఆ గుండ్రటి రేకుడబ్బాలో అరవై ఏళ్ళ కిందట, 1930లో తీసిన మూకీ సినిమా రీలుంది. శేషారత్నం ఆడిన నాటకాన్నే సినిమాగా తీశారు. నాయిక ఆమే. మిగతా రీళ్ళన్నీ పోయాయి. ఈ ఆఖరిదీ పాడైందేమోనన్న భయంతో ఎవరినీ మూత తీయనివ్వలేదు.

ఫిల్మ్ నగర్ ల్యాబ్‌లో పాత ఫిల్ములు బాగుచేసే ఓదెలు, దానికోసం రెండు నెలలుగా ప్రతి ఆదివారం వస్తున్నాడు.

"రీలు కోసమా, కాఫీ కోసమా?" అంది మనవరాలు కౌసల్య, గ్లాసు అందిస్తూ.

"కాఫీల చక్కెర ఎన్నడన్న ఏసిన్రా?"

"అయినా వస్తున్నారుగా!"

అతను తల దించుకున్నాడు.

బయట ముసురు. పొద్దుటి గొడవతో విసిగిన శేషారత్నం డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. "తియ్యి నాయనా."

లోపల గోధుమరంగు పొడి.

ల్యాబ్‌లో చూస్తానంటే ఓదెలు ఇంకో రెండు నెలలు ఈ ఇంటికి రావచ్చు. అలా అనమని కౌసల్య కళ్ళతోనే బతిమాలింది.

"మాఫ్ చెయ్యమ్మా. ఏం మిగల్లే," అన్నాడు ఓదెలు.

శేషారత్నం పొడిని వేలితో తాకింది. "మూకీ అయినా నాటకం మాటలే పలుకుతూ నటించేవాళ్ళం. ఆఖరి సీన్లో అవి వదిలేసి, హీరో వేషం వేసినాయనతో 'నన్ను తీసుకుపో' అన్నాను. నిజంగానే. డైలాగు మరిచిపోయాననుకుని ఆయన నాకు అందించాడు! ఆ మాటన్న నా మొహం ఒక్కసారి చూసుకుందామనుకున్నా."

ఓదెలు లేచాడు.

గేటు దగ్గర కౌసల్య గొడుగు ఇచ్చింది. "తిరిగి ఇవ్వాలి."

"ల్యాబ్ వ్యాన్ ఇటే వస్తది. డ్రైవర్‌తోని పంపిస్త."

ఆమె తల ఊపి లోపలికి వచ్చేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తండ్రి త్రినాథరావు, "బెజవాడవాళ్ళు వచ్చే ఆదివారం పెళ్ళిచూపులకు వస్తారట," అన్నాడు.

కౌసల్య నానమ్మ వైపు చూసింది. శేషారత్నం వేలికి ఆ పొడి ఇంకా అంటుకునే ఉంది.

"రావద్దనండి నాన్నా. నేను ఓదెలును చేసుకుంటాను. సాయంత్రం కృష్ణానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళి ఆయనకూ చెబుతాను."

పుష్పవల్లి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏంటన్నావు?" అన్నాడు త్రినాథరావు.

"ఇంకోసారి చెప్పవే," అంది శేషారత్నం. "గట్టిగా."