బాలనర్సమ్మకు ఇయ్యాల్సిన సూది

మా పేషెంట్లతోని నాకు ఒకటే పరేషాన్. ఏ పేరుతోని పిలిచినా "ఆఁ" అంటరు. మల్లమ్మవేనా అంటే ఆఁ, లచ్చమ్మవేనా అంటే ఆఁ! సిస్టర్ అడిగితే కాదనొద్దని వీళ్లకు ఎవరు నేర్పిన్రో ఏమో. అందుకే మా శామీర్‌పేట దవాఖానల ఒక పద్ధతి పెట్టిన్రు. పేరు మనం అనొద్దు. వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలె. చేతికున్న పట్టీ చూడాలె. ఆ తర్వాతనే సూది.

ఈ పద్ధతి ఊకెనే రాలే. పోయిన వానకాలం, నేను చేరకముందు, కీసర దిక్కు నుంచి ఈదమ్మ అనే ముసలామె జ్వరంతోని వచ్చి పడ్డది. పక్క మంచమామెకు షుగరు. ఎవరో సిస్టర్ ఆ పక్కామె పేరు పెట్టి "నువ్వేనా?" అని అడిగింది. ఈదమ్మ నిద్రమత్తుల "ఆఁ" అన్నది. షుగరు లేని మనిషికి ఇన్సులిన్ పడ్డది. చెమటలు పట్టి, చేతులు వణికి, తెల్లారేసరికి సల్లబడి పానం పోయిందంట. మా పెద్ద సిస్టర్ వినోదక్క ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా గొంతు తగ్గిస్తది.

మొన్న ఆషాఢం వానలల్ల, పొద్దుగూకినంక కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద అక్కడొకటి ఇక్కడొకటి బల్బులు గుడ్డిగ వెలుగుతున్నయి. పై అంతస్తు చివరి రూంల బాలనర్సమ్మ ఒక్కతే పేషెంటు. లాల్‌గడి మలక్‌పేట్ ఆమె. తోడుగ పెనిమిటి మొగులయ్య తాత ఉన్నడు. ఆమె షుగరు ఎంత ఎక్కిందంటే మిషన్ అంకె కూడ చూపిస్తలేదు. ఊపిరి మాగిన పండు వాసనొస్తాంది.

"సఫూరా, ఇన్సులిన్ జల్దీ ఇయ్యి. ఆలస్యమైతే ముసలామె మనకు దక్కదు" అని మందు రాసిచ్చి డాక్టర్ హేమచంద్ సార్ కిందికి ఉరికిండు.

ఫ్రిజ్‌లకెల్లి సీసా తీసేటప్పుడు లేబుల్ చదివిన. మందు పేరు, బలం, తారీఖు. నలభై బలం అని రాసున్న సీసాకు, దానికి సరిపోయే ఎర్ర టోపీ సిరంజీ తీసుకున్న. మందు గుంజేటప్పుడు మళ్ల చదివిన. సీసా లోపల పెట్టేటప్పుడు ఇంకోసారి. ఈ విషయంల నేను మస్తు మొండిదాన్ని. తాళమేసిన తలుపును కూడ రెండుసార్లు గుంజి చూస్తవని మా అమ్మీ తిడ్తది.

రూంల అడుగు పెట్టిన. మొగులయ్య తాత కుర్సీల లేడు, చాయ్‌కు పోయిండనుకున్న. మంచం మీద దుప్పటి కప్పుకొని, గోడ దిక్కు మొహం పెట్టి ముసలామె పండుకొని ఉన్నది. వాన చప్పుడు తప్ప ఏం లేదు. ఇందాకటి పండు వాసన కూడ లేదు. తడిసిన గోనెసంచి వాసనొస్తాంది.

"అవ్వా, నీ పేరు చెప్పు."

భుజం మీద చెయ్యేసిన.

"పేరు చెప్పవ్వా."

"ఈదమ్మ."

షుగరు ఎక్కువై ఏదేదో అంటుందిలే అనుకున్న. ఫోన్ లైటు వేసి చేతికున్న పట్టీ చూసిన. బాలనర్సమ్మ అనే ఉన్నది. మరి ఈదమ్మ పేరు ఈమెకెట్ల తెలుసు?

"సరిగ్గ చెప్పు అవ్వా..."

"ఈదమ్మను..." గుసగుసగ అన్నది. "నాకొద్దు బిడ్డా... నాకు షుగరు లేదు..."

యా అల్లా! కానీ సూది ఇయ్యకపోతే బాలనర్సమ్మ చస్తది. పట్టీ మీద ఆమె పేరే ఉన్నది. మంచం ఆమెదే. ఇంకెవరుంటరు? భయంల, తొందరల, నా నోరే నన్ను ముంచింది.

"నువ్వు బాలనర్సమ్మవే గదా!"

సిరంజీ టోపీ తీసిన.

"ఆఁ..." అన్నది.

పొట్ట మీద స్పిరిట్ దూదితోని తుడిచి, గుచ్చిన. తోలు ఫ్రిజ్‌ల సీసా తీరు సల్లగున్నది. మందంత పోయింది. సూది బయటికి తీసిన.

అప్పుడు నా ఎనక బాత్రూం గొళ్లెం చప్పుడైంది.

"బిడ్డా, జర తలుపు పట్టుకో. దీన్ని లోపలికి తీస్కపొయ్యి మస్తు సేపాయె, నిలవడలేకపోతాంది."

మొగులయ్య తాత. ఆయన భుజం మీద వాలి... బాలనర్సమ్మ. చేతికి పట్టీ.

మంచం దిక్కు తిరిగిన. దుప్పటి చదునుగ పరిచి ఉన్నది. లోపల ఎవరూ లేరు. నా చేతుల సిరంజీ మాత్రం ఖాళీగున్నది.

నేను ఒర్రిన ఒర్రుడుకు వినోదక్క పైకి ఉరికొచ్చింది. అంత చెప్పిన. అక్క బాలనర్సమ్మ షుగరు మళ్ల చూసింది, ఏం దిగలే. సార్‌కు ఫోన్ చేసి అడిగి, కొత్త సిరంజీల మందు గుంజి, లేబుల్ నాతోని పైకి చదివించి, పేరు ఆమె నోటితోనే చెప్పించి తానే ఇచ్చింది. బాలనర్సమ్మ బతికింది. కోలుకొని నడుచుకుంట ఇంటికి పోయింది. అల్లా దయ.

కానీ ఆ లేబుల్ చదువుతుంటే అక్షరాలు నాకు రెండు రెండుగ కనపడ్డయి. మెడకింద చెమటలు. చేతులు ఒక్కటే వణుకుడు. భయమనుకున్న. వినోదక్క నా మొహం చూసి, నా వేలు గుచ్చి షుగరు చూసింది. నలభై కూడ లేదు.

"నువ్వేమన్న సూది ఏసుకున్నవానె?" అని ఏడ్సుకుంటనే నన్ను పండబెట్టి, గ్లూకోజ్ పెట్టింది. నా కుర్తా పక్కకు జరిపింది. పొట్ట మీద సూది గుచ్చిన మచ్చ. చుక్క రక్తం ఇంకా ఆరలే.

నౌకరీకి పోతలేను. మేడ్చల్‌ల మా ఇంట్లనే ఉంటున్న. మా ఇంట్ల ఎవరికీ షుగరు లేదు, సూది లేదు, మందు లేదు. నిన్న పొద్దుగూకి జర కన్ను అంటుకున్నది. చెమటలతోని లేచిన. చేతులు వణుకుతున్నయి. లైటేసి చూసుకుంటే పాత మచ్చ పక్కన ఇంకోటి. దాని మీద దూది ఉండ, ఎవరో పద్ధతిగ ఒత్తి పెట్టిపోయినట్టు అంటుకొని ఉన్నది. తీసి చూసిన. ఇంకా తడిగనే ఉన్నది.