పాట ఎత్తుకున్నవాళ్ల వెంట

"ముందు ఆ కాగితాలు కార్లో పెట్టి రండి."

మాండొలిన్ చంకన పెట్టుకుని, పాటల కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కోత మిల్లు కుర్రాడు వెస్లీ రాట్లిఫ్‌కి దక్కిన స్వాగతం అదీ. ఫైర్ స్టేషన్ వెనక గదిలో గుండ్రంగా వేసిన కుర్చీల మధ్య నుంచి, గిటార్ ఒళ్లో పెట్టుకుని ఆ మాట అన్నది ట్రూడీ ఏకర్స్. బ్లూగ్రాస్ అనే ఆ కొండల జానపద సంగీతం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం, గురువారం సాయంత్రాలు అందరూ కలిసి వాయించే జామ్ నడిపేది ఆమే.

"కాగితం లేకపోతే పాట ఎలా తెలుస్తుందండీ?"

"చెవులున్నాయిగా?"

"ఉన్నాయి. ఇప్పటిదాకా కళ్లజోడు మొయ్యడానికే వాడుతున్నా."

అందరూ ఘొల్లుమన్నారు. ట్రూడీకి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. "సరే, అప్పటిదాకా కళ్లే వాడండి. నా ఎడం చెయ్యి చూడండి. తీగల మీద నా వేళ్ల పట్టు మారినప్పుడల్లా మీరూ మారండి. పోనుపోనూ చెవే చెబుతుంది."

చూడమంది కదా, చూశాడు. పాట మొదలైన దగ్గర్నుంచి ఆగేదాకా రెప్ప వెయ్యలేదు మహానుభావుడు. పట్టుమని పాతికేళ్లు దాటని పిల్ల, అలా చూస్తే ఏమైపోవాలి? తీగలు నొక్కి నొక్కి కాయలు కాచిన ఆ వేళ్లకి ట్రూడీ జన్మలో మొదటిసారి క్రీము కొనుక్కుంది.

చిక్కల్లా ఏమిటంటే, పాట వంటబట్టగానే అతని చూపు కిందికి దిగిపోయేది. హాయిగా తన మాండొలిన్ కేసి చూసుకుంటూ వాయించేవాడు. అందుకని ట్రూడీ ప్రతి వారం ఎవరికీ తెలియని పాట పట్టుకొచ్చేది. వరదల పాటలు, గనుల పాటలు, ముత్తవ్వలు కూడా మర్చిపోయిన పాటలు.

"మళ్లీ కొత్తదా తల్లీ!" బాంజో నేర్చుకుంటున్న స్కూలు బస్సు డ్రైవరు నాడీన్ లబలబలాడింది. "పోయిన వారం పాటే ఇంకా అరగలేదు నాకు."

"చెవికి వ్యాయామం కావాలి నాడీన్."

"ఎవరి చెవికో! నీ ఎదురు కుర్చీలో చెవికేనా?"

మనిషెత్తు బాస్ వాద్యం వాయించే బర్ల్ మావయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. ట్రూడీ మొహం కందిపోయింది.

జులైలో ఒక సాయంత్రం జామ్ అయ్యేసరికి కుంభవృష్టి. వెస్లీ గొడుగు తెచ్చాడు. తెచ్చి, ట్రూడీ గిటార్ పెట్టె మీద పట్టాడు.

"గిటార్ తడిస్తే పాడైపోతుంది," అన్నాడు చాలా సీరియస్‌గా.

"నేను తడిస్తే?"

"నువ్వు ఆరతావు."

కారు దాకా ముద్దయిపోతూ నడిచింది. కోపంగా లేదు, అదే ఆమెకి ఆశ్చర్యం. పెట్టెని సీట్లో పెట్టి, చొక్కా చేత్తో దాని మీది చుక్కలు తుడుస్తూ, "ట్రూడీ, నీతో ఒక మాట..." అన్నాడు.

"ఒరే అబ్బాయ్! ఈ బాసు నేనొక్కణ్ణే ఎత్తాలా?" అని వెనక నుంచి బర్ల్ మావయ్య కేక.

ఆ ఒక మాట ఆ రోజు రాలేదు. తర్వాతి వారం రాలేదు. ఆగస్టూ సెప్టెంబరూ గడిచిపోయాయి.

ట్రూడీకి భయం పట్టుకుంది. కారణం లేకపోలేదు. ఇంతకు ముందు ఒకడు ఇలాగే ఎదురుగా కూర్చుని, ఆమె దగ్గర నేర్చుకున్నంతా నేర్చుకుని, టెనెసీలో బ్యాండ్ దొరకగానే చెప్పాపెట్టకుండా చక్కా పోయాడు. వీడు చూసేది నన్నా, నా చేతినా? అదొక్కటి తేలితే చాలనుకుంది. నోరు తెరిచి అడిగితే సరిపోయేది. అడగలేదు, పరీక్ష పెట్టింది.

అక్టోబరులో, అందరికీ బాగా వచ్చేసిన వరద పాట ఎత్తుకుంది. మూడో పాదంలో వేళ్లు సీ అనే పట్టు నుంచి డీ అనే పట్టుకి మారాలి. కావాలని సీ మీదే ఉండిపోయింది. చెవి వచ్చినవాడు డీకి వెళ్తాడు. అంటే ఇన్నాళ్లూ చేతితో అవసరం లేకుండానే తనని చూస్తున్నాడన్న మాట. చేతిని మాత్రమే చూసేవాడు తనతోపాటు సీలో పడతాడు.

నాడీన్ బాంజో డీకి వెళ్లి తడబడింది. వెస్లీ మాండొలిన్ ఖణేల్‌మని సీ కొట్టింది. పైగా ఆమె కేసి చూసి చిన్నగా నవ్వాడు కూడా.

ట్రూడీ పాట మధ్యలో ఆపేసింది.

"చూశారా? ఇన్నాళ్లూ చెవి పెంచుకుంటున్నాడనుకున్నా. నా చెయ్యి గోతిలో దూకితే ఈయనా దూకుతాడు!" అక్కడితో ఆగలేదు. "కోత మిల్లు రొదలో నీ చెవులు ఎప్పుడో పోయాయి వెస్లీ. చెక్కలు కోసుకోక నీకెందుకయ్యా పాటలు?"

అతను మాండొలిన్ పెట్టెలో పెట్టి మూత వేశాడు. "వస్తానండీ," అన్నాడు బర్ల్‌తో. ట్రూడీ కేసి చూడకుండానే వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లిపోయాక మావయ్య కుర్చీలు సర్దుతూ అన్నాడు.

"నేనూ సీకే వచ్చానే. విన్నావా?"

ఆమె వినలేదు. మాండొలిన్ తప్ప ఇంకేమీ వినలేదు.

"అది తప్పని నాకు తెలీదనుకున్నావా? పాట ఎత్తుకున్నవాళ్లు తప్పు దారి పడితే వాళ్ల వెంటే పోతాం. ఒంటరిగా వదిలెయ్యం. ఆ కుర్రాడికి వేసవిలో నేనే చెప్పా."

ఎవరో చెప్పాలా ఆమెకి? ఆ కొండల్లో పుట్టినవాళ్లకి ఉగ్గుపాలతో వచ్చే మర్యాద అది. ఎందరు ముసలివాళ్లు దారి తప్పితే వాళ్ల వెంట తనూ తప్పలేదు! ఆ ఒక్క రోజూ బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టిందో.

మర్నాడే మిల్లుకి వెళ్లి తప్పయిందని చెబితే పోయేది. వెళ్లలేదు. వచ్చే గురువారం తనే వస్తాడులే అనుకుంది. రాలేదు. ఆపై గురువారమూ రాలేదు. అభిమానం అడ్డొచ్చి చలికాలమంతా కూర్చుంది. ఫిబ్రవరిలో నాడీన్ మోసుకొచ్చిన కబురు, కొండకి అవతల రైతు సంఘం హాల్లో శనివారం జామ్‌కి వెళ్తున్నాడని.

ఆ శనివారం మధ్యాహ్నం ట్రూడీ గిటార్ వేసుకుని కొండ దాటింది. వెస్లీ ఆ హాలు వరండాలో కాఫీ తాగుతున్నాడు. ఆమెని చూసి కప్పు పిట్టగోడ మీద పెట్టాడు.

"అది తప్పని నీకు తెలుసు కదూ?" అంది, పలకరింపు కూడా లేకుండా.

"తెలుసు. పాపం మర్చిపోయింది, ఒక్కతే పడిపోకూడదనుకున్నా."

"ఆ మాట అప్పుడే అనొచ్చుగా!"

"ఏమని? అంతమంది ముందు, తప్పు నీదేననా?"

ట్రూడీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నువ్వంటే నాకు ప్రాణం వెస్లీ. చూసేది నన్నో నా చేతినో తెలీక చచ్చిపోయా. అందుకే చేశా. క్షమించు."

"జులై నుంచీ నీ చెయ్యి చూడాల్సిన అవసరమే లేదు నాకు," అన్నాడు.

ఆమె మొహం వెలిగింది. "అయితే..."

"రేపు నువ్వు నిజంగానే తప్పు చేశావనుకో. అది తప్పో, పరీక్షో నాకెలా తెలియాలి? పెళ్లయ్యాక కూర మాడినా కూర్చుని ఆలోచించాలి నేను, ఏమంటే నెగ్గుతానో అని." నవ్వబోయాడు. రాలేదు. "నీ పక్కన కూర్చోవాలంటే భయం వేస్తోంది ట్రూడీ. ఇష్టం లేక కాదు."

"ఇంకెప్పుడూ చెయ్యను. ఒట్టు."

"నమ్మాలనే ఉంది," అని తలుపు తీసి పట్టుకున్నాడు.

లోపల ఆ జామ్ నడిపే పెద్దావిడ, "చుట్టమొచ్చిందే! పాట ఎత్తుకో అమ్మా," అంది. అక్కడ కొత్తగా వచ్చినవాళ్లని పాడించకుండా వదలరు. ట్రూడీకి ఏ పాటా గుర్తు రాలేదు, వరద పాట తప్ప. ఎత్తుకుంది. ఎవరికీ తెలియని పాట కదా, అందరి కళ్లూ ఆమె చేతి మీదే ఉన్నాయి, వెస్లీవి తప్ప.

మూడో పాదానికి కన్నీళ్లు కమ్మేశాయి. చెయ్యి సీ మీదే బిగుసుకుపోయింది. ఈసారి నాటకం కాదు, నిజంగానే కదల్లేదు. పెద్దావిడ ఫిడేలు ఆమె వెంట వచ్చింది. బాంజోలు వచ్చాయి, బాసు వచ్చింది. హాలు హాలంతా ఆమెతో పాటు తప్పులోకి దిగింది.

మాండొలిన్ ఒక్కటే డీకి వెళ్లింది.

స్పష్టంగా వినబడింది. పెద్దావిడ ఫిడేలు కమాను పక్కకి పెట్టి అతని కేసి వింతగా చూసింది. అలా చెయ్యరు ఎవరూ. వెస్లీ తల వంచుకుని వాయిస్తున్నాడు, అతని చెవులు ఎర్రగా కందిపోయాయి.

అక్టోబరులో ఆమె చెవులు రిక్కించుకుని ఎదురుచూసిన జవాబు అదే. ఇదీ పరీక్షేననుకుని ఇచ్చాడు. ట్రూడీ వేళ్లు డీ మీదికి మార్చుకుని, మిగిలిన చరణాలు ఒక్క తప్పు లేకుండా పాడింది.