ఆపరేషన్ తల్లిబూజు

ఖానాపురం హవేలి శివార్లలోని రేకుల షెడ్డులో సైంటిస్టు కుమారస్వామిని చంపడానికి హంతకులు సైలెన్సర్ పిస్టల్ వాడారు. ఆయన పెంచిన బూజును చంపడానికి మరిగే నీళ్లు సరిపోయాయి.

"అది మామూలు బూజు కాదు అరుణశ్రీ." ఫోన్లో చీఫ్ వెంకటకృష్ణ గొంతు బరువుగా ఉంది. "కూల్చిన ఇళ్ల చెక్కా, ప్లైవుడ్డూ తిని, సిమెంటు పొడిని తన దారాలతో ఇటుకలా బిగించేస్తుంది. ఊళ్ల చుట్టూ పేరుకున్న శిథిలాలన్నీ దానికి మేతే. ఓ విదేశీ ముఠా దాన్ని తన పేర రిజిస్టర్ చేసుకోవాలని చూస్తోంది. మనకు మిగిలింది ఒక్క ట్యూబు. మదర్ కల్చర్, అంటే తల్లిబూజు. దుమ్ముగూడెం అవతల వెంకమ్మ ఇంట్లో ఉంది."

"కాపలా?"

"భవాని. కుమారస్వామికి సాయంగా ముఠా పెట్టిన మనిషి, నిజానికి మన మనిషి."

మధ్యాహ్నానికి ఏజెంట్ అరుణశ్రీ పుట్టగొడుగుల విత్తనాలమ్మే మనిషి వేషంలో ఆ అడవి పల్లెలో దిగింది. ఈ బూజును మొదట అడవిలో చూసి కుమారస్వామికి చూపించింది వెంకమ్మే. దాని మీద హక్కు ఊరిదేనని ఆయన మాటిచ్చాడు.

"సారు ఏం తప్పు జేసిండమ్మా?" అంది వెంకమ్మ, కోడ్ వర్డ్ విన్నాక.

అరుణశ్రీ దగ్గర అన్నిటికీ కోడ్ వర్డ్ ఉంది. దీనికి లేదు.

కల్చర్ గదిలోంచి భవాని వచ్చింది. సిల్కు చీర, చల్లద్దాలు, ఇంత కొప్పు, దాని చుట్టూ మల్లెలు. ట్యూబును అరుణశ్రీ చేతిలో పెట్టి, "పైలం అక్కా" అంటూ గోదావరి రేవు వైపు వెళ్లిపోయింది.

వెంకమ్మ గొణిగింది. "ఎన్నడూ గా గదిలకు పూలు పెట్టుకొని పోలే గీ పిల్ల. పూల మీద వేరే బూజుంటది, మనదాన్ని తింటదని నాకే పాఠం జెప్పేది. ఇయ్యాల ఏమైందో ఏందో!"

జీపు ఎక్కబోతున్న అరుణశ్రీ ఆగిపోయింది. నెలల తరబడి అంత మడి పాటించిన మనిషి ఇవాళే ఎందుకు మానేసింది? కాపాడాల్సింది ఆ గదిలో లేదు గనక. తన చేతిలో ఉన్నది నకిలీ. మరి అసలుది?

రేవుకు పరిగెత్తింది. భవాని ఎక్కిన మరపడవ ఇంజను అప్పుడే అందుకుంది.

"కొప్పు బాగుంది భవానీ. సవరమేనా?"

భవాని నవ్వింది. సవరం ఊడదీసి, లోపలున్న ట్యూబు తీసి, ఇంజను పొగగొట్టానికి ఆనించీ ఆనించనట్టు పట్టుకుంది. "ఒక్క అడుగేసినవంటే కాలిపోతది. నాకు దక్కకపోతే ఎవరికీ దక్కదు."

"కుమారస్వామిని చంపిందీ నువ్వేనా?"

"తలుపు నాకే తీసిండు. టీ పెడతా అన్నడు." భవాని పడవవాడికి కానిమ్మని సైగ చేసింది. "వాళ్లు దీంతోటి ఫ్యాక్టరీలు కడతరు. మనోళ్లేం కడతరు? ఫైలు కడతరు. అబద్ధమా అక్కా?"

అరుణశ్రీ కాలు కదిలింది. పడవ అంచును ఒక్క తన్ను తన్నింది. భవాని తూలి గోదావరిలో పడింది. ట్యూబు గాల్లోకి లేచింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్లన్నీ జీపులోనే ఉన్నాయి. అరుణశ్రీ తన చీర కొంగు చాపి పట్టింది, ట్యూబు అందులో పడింది.

పడవవాడు భవానిని ఒడ్డుకు లాగేసరికి సంకెళ్లు సిద్ధంగా ఉన్నాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! అయితే కుమారస్వామి సంగతి బయటికి పొక్కకూడదు. షెడ్డులో కరెంటు షాక్ కొట్టి పోయాడని పేపర్లకు చెప్పాం."



"ఆ షెడ్డుకు కనెక్షన్ ఇమ్మని ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు సార్. పోయాకైనా ఇచ్చారన్నమాట."